తీరని వక్కాకు

టోల్‌గేటు దగ్గర అడ్డకర్ర లేవకపోతే బస్సులో ప్రతివాడికీ ప్రభుత్వం మీద ఒక అభిప్రాయం పుట్టుకొస్తుంది. మొన్న నేనెక్కిన బస్సులోనూ అదే జరిగింది. మా ముందు ఒక చిన్న లారీ ఆగిపోయి కదలడం లేదు. దాని వెనక తొట్టిలో ఒకే రంగు చొక్కాలు తొడుక్కున్న పదిమంది కుర్రాళ్లు, వాళ్ల కాళ్ల మధ్య ప్లాస్టిక్ తోలు బిగించిన డ్రమ్ములు. అద్దానికి అంటించిన స్టిక్కర్లో డబ్బు అయిపోయిందట. చేత్తో కడితే రెట్టింపట. కుర్రాళ్లు ఒకరి ఫోన్లోకి ఒకరు తొంగి చూస్తున్నారు. మా డ్రైవరు హారన్ మీద నుంచి చెయ్యి తియ్యడం లేదు.

వాళ్లలో ఒకడికి పదమూడేళ్లుంటాయేమో. డ్రమ్మును ఒళ్లో పెట్టుకుని, గొడవలోకి రాకుండా, ముందున్న ఖాళీ రోడ్డు వైపే చూస్తున్నాడు. ముందుకు పోలేక వెనక్కి పోలేక చిక్కుకున్న పిల్లవాడి ముఖం అది. నాకు బాగా తెలిసిన ముఖం. కిటికీ పక్కన కూర్చున్న నా నోట్లో ఉన్నట్టుండి వక్క వగరు తగిలింది. నేను వక్క నమిలింది జీవితంలో ఒక్కసారే. అది జరిగి యాభై ఏళ్లు దాటింది.

మాది కుందుర్పి వైపు ఒక ఊరు. వాన మా ఊళ్లో కంటే మా అవ్వ కథల్లోనే ఎక్కువ కురిసేది. మా కేరిలో, అంటే మా వీధిలో, ఇంటికొక ఉరుము ఉండేది. చూడనివాళ్లకు చెప్పాలి. ఉరుమంటే నడుము సన్నగా ఉండే ఇత్తడి వాద్యం. రెండు పక్కలా మేకతోలు, చుట్టూ బిగించే తాళ్లు. మెడకు తగిలించుకుని ఒక పక్క పుల్లతో కొడతాం, ఇంకో పక్క వంపు పుల్లతో రాస్తాం. రాసినప్పుడు లోపలినుంచి గుర్రుమని ఒక మూలుగు వస్తుంది. జాతరలో అమ్మవారు గుడి గడప దాటాలంటే ముందు ఆ మూలుగు వినపడాలి.

ఆ ఏడు వరసగా మూడో కరువు. ఉరుములు కొట్టే మగవాళ్లంతా బెంగళూరికి మట్టి పనికి పోయారు. మా నాయన కూడా పోయాడు. పోనివాడు ఒక్కడే, మా పెదనాయన. అందరూ పోతే అమ్మవార్లను గడప ఎవరు దాటిస్తారని ఆయన పట్టు. పది నుంచి పదమూడేళ్ల వయసు పిల్లల్ని తొమ్మిది మందిని పోగుచేసి, ఖాళీగా పడి ఉన్న చెనిక్కాయల కళ్లంలో పొద్దున్నే నిలబెట్టేవాడు. ఆరుగురికి ఉరుములు, ముగ్గురికి తాళాలు. అడుగు తప్పితే పిక్క మీద వంపు పుల్లతో ఒకటి పడేది. తోళ్లకు పూసిన ఆముదం వాసన, కళ్లంలో పాత పొట్టు వాసన, మా చెమట వాసన, అన్నీ కలిసిపోయాయి. ఇప్పటికీ ఆముదం డబ్బా మూత తీస్తే నా పిక్క చురుక్కుమంటుంది.

ఆకలి మాత్రం ఎప్పుడూ ఉండేది. అవ్వ విత్తనానికని మట్టికుండలో దాచిన చెనిక్కాయలను గజ్జెల సంచిలో పోసుకుని, కళ్లం అవతల పుల్లలు రాజేసి కాల్చుకుని తిన్నాం ఒకసారి. వాసన దాచడం తెలియని వయసు. అవ్వ చీపురు పట్టుకుని వచ్చింది. "వాన పడితే ఏమి ఇత్తుతార్రా, మీ నోట్లో పండ్లు ఇత్తుతారా?" అని మా తొమ్మిది మందినీ వరసగా బాదింది. బాదినంతసేపూ ఏడ్చింది కూడా.

ఆ అవ్వే మాకు వక్కాకు సంగతి చెప్పింది. ఏ ఊరివాళ్లైనా జాతరకు ఉరుములను పిలవాలంటే రెండు తమలపాకులు, ఒక నిండు వక్క, ఒక రూపాయి బిళ్ల తెచ్చి మేళం పెద్ద చేతిలో పెట్టాలి. అదే వక్కాకు. పట్టాడంటే మాట ఇచ్చినట్టు. అప్పటినుంచి ఆ జాతరలో కొట్టి తీర్చుకునేదాకా ఉరుము నేలను తాకకూడదు. ఇంకో వక్కాకు పట్టకూడదు. సరదాకైనా ఒక్క దెబ్బ వెయ్యకూడదు. చేతికి కట్టుబడి ఉన్నట్టే. "మా మామ కాలంలో ఒగసారి వక్కాకును కాకి ఎత్తుకపోయింది," అనేది అవ్వ. "ఇంగేం జేస్తారు? వక్కాకే పోయినాక మాట కూడా పోయిందని పెద్దోళ్లంతా కూసోని తీర్మానం జేసి, ఆ ఊరికి పోకుండా ఇంట్లో పండుకున్నారు." ఈ కథ చెప్పినప్పుడల్లా పెదనాయన చిరాకుపడి లేచిపోయేవాడు. నేను మాత్రం మళ్లీ చెప్పమని అడిగేవాణ్ని. ఆ కాకి నాకు బాగా నచ్చింది.

ఆ ఎండాకాలం రెండు ఊళ్లు తిరిగాం. కంబదూరు దగ్గర ఒకటి, ఇంకొంచెం అవతల ఒకటి. రెండూ మా కాళ్లకు అందే ఊళ్లు. మూడోది కొత్తచెరువు అవతల. మా ముత్తాత కాలం నుంచి ఆ అమ్మవారికి ఉరుములు మా కేరివే. ఆ ఊరి పెద్దమనిషి వక్కాకు తెచ్చి, కళ్లంలో మమ్మల్ని చూసి నీళ్లు నమిలాడు.

"పిల్లోళ్లతో అయితాదా అన్నా?" అన్నాడు.

"చేతులు పిల్లోళ్లవి. మాట నాది," అన్నాడు పెదనాయన.

ఆ వక్కాకును పసుపు గుడ్డలో మూటగట్టి నా నడుముకు కట్టారు. ముందు ఉరుము నాది కాబట్టి. మొదటి దెబ్బ వేసేవాడి నడుముకే అది ఉండాలి. నేను మూడు రోజులు ఊరంతా నడుం ముందుకు పెట్టి నడిచాను.

కూలి జాతర అయ్యాకే ఇస్తారు. పోను ఖర్చు మాదే. అవ్వ రెండు కోళ్లు అమ్మింది. పెదనాయన వేళ్ల మీద లెక్కవేశాడు. తనకు ఒక టిక్కెట్టు, పిల్లలకు తొమ్మిది అర టిక్కెట్లు, మధ్యలో ఒకచోట బస్సు మారాలి, సరిపోతుంది. జాతర మంగళవారం, అమ్మవారు బయటికి వచ్చేది పొద్దు పొడిచేటప్పుడు. సోమవారం మొదటి బస్సుకే బయలుదేరాం. సద్ద రొట్టెలు, ఊరుబిండి బుత్తి కట్టి ఇచ్చింది అవ్వ. బస్సు ఊరు దాటక ముందే సగం తినేశాం. ఇంకో బస్సులో మిగతా సగం తినచ్చని మా లెక్క. మా కుటుంబంలో ఎవరికీ లెక్కలు రావని అప్పుడే తెలిసి ఉండాల్సింది.

కండక్టరు సన్నటి మనిషి. ముందు నా దగ్గరే ఆగాడు.

"ఎన్నేండ్లు రా నీకు?"

"పదకొండు," అన్నాను. ఆ ఏడు నా గొంతు మారింది. ఆ పదకొండు ఎద్దు అరిచినట్టు బయటికొచ్చింది. బస్సంతా నవ్వింది.

"ఏమప్పా, మీసం మొలుస్తాండాది, పదకొండేండ్లంట!" అన్నాడు కండక్టరు పెదనాయనతో. పెదనాయన మా అందరికీ అదే నేర్పి తెచ్చాడు. తొమ్మిది మందికీ ఆ రోజు పదకొండేళ్లే. కండక్టరు వరసగా నిలబెట్టి చూసి అయిదుగురికి నిండు టిక్కెట్టు కొట్టాడు. సంవత్సరంలో మేం పెరుగుతామని పెదనాయన లెక్కలో లేదు.

అంతటితో పోలేదు. మేం తొమ్మిది మందీ నిలబడి ఉన్నాం. సీట్లలో ఉరుములు కూర్చుని ఉన్నాయి.

"వీటికీ కొట్టల్ల టిక్కెట్టు. లేదంటే టాపు మీదికి ఎయ్యి," అన్నాడు కండక్టరు.

"టాపు మీద ఎండకు తోలు పగిలిపోతాది. కింద పెడితే కాళ్లు తగులుతాయి. వక్కాకు పట్టిన ఉరుములప్పా ఇవి."

"వక్కాకో ఏమాకో, సీట్లో కూసున్నదానికల్లా టిక్కెట్టే. రూలు నాది కాదు."

అమ్మవారి పనికి పోతున్న వాద్యాన్ని పెదనాయన కాళ్ల కింద పెట్టడు, జనం తోసుకునే చోట మా మెడల్లోనూ వేలాడనివ్వడు. ఆరు ఉరుములకూ టిక్కెట్లు తీశాడు. చీటీలు చేతిలో పట్టుకుని చాలాసేపు అలాగే చూశాడు. నన్ను కూడా ఒకసారి చూశాడు, ఎందుకు పెరిగావన్నట్టు. నిజంగానే ఆ రోజు నాకు పెరిగినందుకు సిగ్గేసింది.

బస్సు మారాల్సిన ఊళ్లో దిగేటప్పటికి పొద్దు నెత్తికెక్కుతోంది. అక్కణ్నుంచి పోవాల్సిన బస్సు రోజుకు ఒకటే, మధ్యాహ్నం మూడింటికి. పెదనాయన పంచె చెంగులో మిగిలిన దుడ్లకు ముగ్గురం పోగలం. నలుగురం కాదు. వెనక్కి పోదామన్నా అంతే.

బస్టాండులో ఒకే ఒక సిమెంటు బల్ల ఉంది. దాని మీద ఆరు ఉరుములూ ఎక్కాయి. మేం కింద కూర్చున్నాం. రేకుల కప్పు కింద గాలి ఆడదు, అవతలికి పోదామంటే బల్లను వదలకూడదు. ఎవరో ఒకరు వచ్చి "తీయండప్పా, కూసుంటాం" అనేవాళ్లు. పెదనాయన చేతులు జోడించేవాడు. వాళ్లు మమ్మల్నీ ఉరుముల్నీ మార్చి మార్చి చూసి, తిట్టుకుంటూ పోయేవాళ్లు. ఎదురుగా హోటల్లో పూరీలు పొంగుతున్నాయి. ఆ నూనె వాసన తిన్నగా మా దగ్గరికే వచ్చేది. మా బుత్తిలో చివరి రొట్టె తొమ్మిది ముక్కలైంది. పెదనాయన ముక్క తీసుకోలేదు.

పెదనాయన హోటలు వాణ్ని, సైకిలు షాపువాణ్ని, మూటలు మోసేవాళ్లను అప్పు అడిగాడు. ఊరుగాని ఊళ్లో తొమ్మిది మంది పిల్లల్నేసుకుని నిలబడ్డవాడికి ఎవరిస్తారు? ఒకాయన మాత్రం, "ఉరుములు ఉండాయి గదా, కొట్టించు. నలుగురు నాలుగు పైసలేస్తారు" అన్నాడు. మంచి మాటే. కానీ వక్కాకు నా నడుముకుంది. ఆ వక్కాకు తీర్చాలంటే బస్సెక్కాలి, బస్సెక్కాలంటే దుడ్లు కావాలి, దుడ్లు కావాలంటే కొట్టాలి, కొట్టాలంటే వక్కాకు తీరాలి. గానుగెద్దుకైనా సాయంత్రం కాడి విప్పుతారు.

అప్పుడు వచ్చాడు ఆ సాయిబు. తెల్ల లాల్చీ, చేతిలో పూలదండల సంచి, ముఖమంతా చెమట. ఆ ఊళ్లో టైలరట. ఆ రోజే కొడుకు పెండ్లి. మెరవణికి, అంటే ఊరేగింపుకు, పక్క ఊరి నుంచి బ్యాండు వాళ్లు రావాలి, వాళ్ల కోసం పొద్దున్నుంచి ప్రతి బస్సూ చూస్తున్నాడు. వాళ్లు రాలేదు, మేం కనపడ్డాం.

"అన్నా, దేవుడే పంపించినాడు మిమ్మల్ని. మా ఇంటికాడినుంచి పెండ్లికూతురింటిదాకా, అంతే. ఎంత అడిగితే అంత ఇస్తా. పిల్లోళ్లకు కడుపునిండా పలావు పెడతా," అన్నాడు.

మా తొమ్మిది నోళ్లూ ఒకేసారి తెరుచుకున్నాయి.

"చేతిలో వక్కాకు ఉండాది అన్నా," అన్నాడు పెదనాయన.

"దాన్ని రేపు తీర్చుకో."

"తీర్చుకోకుండా ఇంకోటి పట్టేది లేదు. మీ మెరవణి ముగిసేలోగా మూడింటి బస్సు పోతాది. రేప్పొద్దున ఆడ అమ్మవారు గడపలో నిలబడి ఉంటాది."

సాయిబు కోప్పడలేదు. బల్ల మీది ఉరుములను చూశాడు, కింద కూర్చున్న మమ్మల్ని చూశాడు. "మాటంటే మాటే అన్నా, నేను కాదనను. ఆ బ్యాండోళ్లకు నీ మాటలో పావలా వంతన్నా ఉండింటే నాకీ గతి పట్టదు," అన్నాడు. "నమాజు అయ్యేదాకా చూస్తా. ఆ మసీదు సందులో మూడో ఇల్లు." పోతూ పోతూ హోటలువాడికి చెప్పి మాకు తొమ్మిది టీలు ఇప్పించాడు. అందరూ తాగే గాజు గ్లాసుల్లోనే ఇచ్చారు. మా ఊరి హోటల్లో మా గ్లాసులు వేరేగా చూరులో ఉండేవి కాబట్టి అది నాకు గుర్తుండిపోయింది.

టీ తాగి నా పక్కనున్నవాడు కక్కాడు. పెదనాయన కొడుకు వాడు, నాకు తమ్ముడు, మా అందరిలోకీ చిన్నవాడు, పదేళ్లు, తాళాలు వేసేవాడు. ఒళ్లు ముట్టుకుంటే పెనంలా ఉంది. ఎండదెబ్బ. పెదనాయన తలగుడ్డ తడిపి వాడి తల మీద వేశాడు. అది అయిదు నిమిషాల్లో ఆరిపోయింది. మళ్లీ తడిపాడు. మళ్లీ ఆరిపోయింది. వాడు "నాయనా, ఇంటికి పోదాం" అని ఒకే మాట అంటున్నాడు.

పెదనాయన లేచి నిలబడ్డాడు. "నడుస్తాం," అన్నాడు.

మేం బల్ల మీది ఉరుముల వైపు చూశాం.

"ఇరవై మైళ్లు. ఇప్పుడు బయల్దేరితే పొద్దు పొడిసేలోగా చేరతాం. వీణ్ని నేను ఎత్తుకుంటా. ఉరుములు మీరు మొయ్యల్ల. దారిలో కింద పెట్టేది లేదు."

ఎండ తారు మీద తెల్లగా పడుతోంది. మాలో ముగ్గురికి చెప్పులు లేవు. నా తమ్ముడి పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. వీడు ఆ ఎండలో ఒక మైలు కూడా బతకడు, అనుకున్నాను. పదమూడేళ్లవాడికి అలాంటివి తెలియవంటారు. తెలుస్తాయి. చుట్టూ చూశాను. పెదనాయనకు ఎదురు చెప్పగల మనిషి ఆ ఊళ్లో లేడు. ఆ మనిషి అవ్వ. ఆమె కుందుర్పి వైపు ఉంది.

అప్పుడు నేను పసుపు గుడ్డ విప్పాను.

ఎందుకు విప్పానో నన్ను నేను చాలాసార్లు అడిగాను. కాకి కథ గుర్తొచ్చి విప్పానని చెప్పుకుంటే గొప్పగా ఉంటుంది. గుర్తొచ్చింది కూడా. కానీ ఆకలేసి విప్పానన్నదీ అబద్ధం కాదు. పొద్దున్నుంచి నా చేతికందే దూరంలో ఉన్న తిండి అదొక్కటే. రూపాయి బిళ్లను చేతిలో ఉంచుకుని, వాడిపోయిన రెండాకులూ మడిచి వక్కతో సహా నోట్లో పెట్టుకున్నాను. ఆకు నలిగింది. వక్క నలగలేదు. దవడ పళ్ల మధ్య పెట్టి బలంగా కొరికాను. పటుక్కుమంది.

ఆ చప్పుడుకు పెదనాయన తిరిగాడు. పిల్లలంతా తిరిగారు. సున్నం లేదు కాబట్టి నా నోరు ఎర్రబడలేదు, కానీ పసుపు గుడ్డ నా ఒళ్లో తెరుచుకుని ఉంది. మింగలేక కక్కలేక అంటారే, అప్పుడు నా పరిస్థితి అచ్చం అదే. మింగేశాను. గొంతంతా గీరుకుంటూ దిగింది.

"మింగినావా?" అన్నాడు పెదనాయన.

"మింగినా."

కొడతాడనుకున్నాను. వంపు పుల్ల ఆయన చేతిలోనే ఉంది. ఆయన ఆ పుల్లను చూశాడు, బల్ల మీద పడుకోబెట్టే చోటు కూడా లేక నేల మీద ముడుచుకున్న కొడుకును చూశాడు. తర్వాత పుల్లను తీసుకొచ్చి నా ఉరుము తాడులో దోపాడు. ఆయన పుల్ల అది, ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు.

"మసీదు సందు అన్నాడు గదా," అన్నాడు. "పాండి."

సాయిబు ఇంటి ముందు రంగు కాగితాలు కట్టిన జీపులో పెండ్లికొడుకు దిగాలుగా కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి ఇంట్లోంచి ఆడవాళ్లు బయటికొచ్చారు. సాయిబు పళ్లెంలో తమలపాకులు, వక్క, దుడ్లు పెట్టుకొచ్చి పెదనాయన ముందు పట్టాడు. పెదనాయన చేతులు చాపలేదు. నా వైపు చూపించాడు.

"వానికియ్యి. ఈ పొద్దు మేళం పెద్ద వాడే."

నేను పట్టుకున్నాను. అంతమంది పెద్దవాళ్లలో నా చేతిలో వక్కాకు. ఆ క్షణం నాకు గర్వంగా అనిపించిందని ఒప్పుకోవాలి. ఎంత వెధవనో చెప్పడానికి అదొక్కటి చాలు.

ఒక ముసలమ్మ జ్వరం పిల్లవాణ్ని లోపలికి ఎత్తుకుపోయి, చల్లటి మజ్జిగ తాగించి, విసనకర్ర పట్టుకుని కూర్చుంది. మేం కొట్టాం. రోజంతా ఆగిన చేతులు కదా, విరగదీసి కొట్టాం. సందులో మిద్దెల మీదికి జనం ఎక్కారు. పెండ్లికొడుకు నవ్వాడు. ఆ మెరవణిలో పెదనాయన జీపు వెనక చేతులు రెండూ చంకల్లో దోపుకుని నడిచాడు. అడుగు తప్పినవాణ్ని చూసి కూడా చెయ్యి బయటికి తియ్యలేదు. మధ్యలో మూడింటి బస్సు మమ్మల్ని దాటుకుని పోయింది. దాని హారన్‌కు మేం దారిచ్చి పక్కకు జరిగాం.

పలావు, దాల్చా. వేడి వేడి పలావులో లవంగం వాసన. ఆకు నిండా పెట్టారు, మళ్లీ అడిగి పెట్టారు. నా జీవితంలో అంత రుచిగా ఏదీ తినలేదు. అంత రుచిగా ఉన్నందుకు తింటూ తింటూ ఏడ్చాను. పెదనాయన ఆకు ముందు కూర్చోలేదు.

కొత్తచెరువు వైపు ఆ రాత్రికి ఏ బండీ లేదు. పొద్దు వాలాక సాయిబు తనకు తెలిసిన లారీలో మమ్మల్ని ఊరివైపు ఎక్కించాడు. పెదనాయన ఎక్కలేదు. కొడుకు తల నిమిరి, నా చేతిలోంచి ఆ రూపాయి బిళ్ల అడిగి తీసుకుని, కొత్తచెరువు దారి పట్టి ఒక్కడే నడిచి పోయాడు. ఉరుము తీసుకుపోలేదు.

నాలుగు రోజులకు ఇంటికొచ్చాడు. అరికాళ్లు బొబ్బలెక్కి ఉన్నాయి. అక్కడ ఏం జరిగిందో చెప్పలేదు. అవ్వ అడిగితే, "పోయినా. వచ్చినా" అన్నాడు. నేను వారం రోజులు ఆయన ఎదుట పడకుండా తిరిగాను. ఎనిమిదో రోజు ఆయనే పిలిచి, తన ఉరుము నా మెడలో వేశాడు.

"నీ చెయ్యి నీదే రా. ఆ సాయిబు వక్కాకు నువ్వు పట్టినావు, తీర్చినావు. నీకేం కట్టుబడి లేదు," అన్నాడు. "నాది తీరలేదు. ఇంగ తీరేది లేదు."

అప్పుడు అర్థమైంది. నేను మింగినందువల్ల ఆయన విడుదల కాలేదు. కాకి ఎత్తుకుపోయినా, పిల్లవాడు మింగినా, ఆయన లెక్కలో పట్టిన చెయ్యి పట్టినదే. తీర్చాల్సిన పొద్దు దాటిపోయింది కాబట్టి ఇక ఎప్పటికీ తీర్చలేడు. ఆ చెయ్యి ఇంకో వక్కాకు పట్టలేదు. చచ్చేదాకా ఉరుము మీద ఒక్క దెబ్బ వెయ్యలేదు. ఆ తర్వాత మా కేరికి వక్కాకులు రావడం కూడా ఆగిపోయింది. మాట తప్పిన మేళమని చుట్టుపక్కల పాకింది. పిల్లలం ఒక్కొక్కరం బెంగళూరు బస్సెక్కాం. ఆ బస్సులో మా వెంట ఉరుములు లేవు కాబట్టి ఎవరికి వాళ్లకు ఒకే టిక్కెట్టు.

నా తమ్ముడు ఇప్పుడు బెంగళూరులో మనవళ్లతో ఉన్నాడు. ఆ రోజు గురించి కదిపితే, "నాకు మజ్జిగ ఒగటే గుర్తుండాది అన్నా" అంటాడు. వాడు బతికాడు. నేను చేసింది తప్పని అందుకే పూర్తిగా అనలేను. ఒప్పనీ అనలేను. ఈ రెంటి మధ్యే ఇన్నేళ్లూ ఉన్నాను.

పెదనాయన పోయినప్పుడు నాకు నలభై దాటాయి. మట్టి చేసి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే, ఎవరో ముసలాయన కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. కొత్తచెరువు అవతలి ఊరివాడు. అప్పట్లో వక్కాకు తెచ్చిన పెద్దమనిషే. కబురు తెలిసి అంత దూరం వచ్చాడు.

"ఆ పొద్దు మిట్టమధ్యాన్నం వచ్చినాడప్పా మీ పెదనాయన," అన్నాడు నలుగురిలో. "రచ్చకట్ట కాడ నిలబడి, 'ఆకలికి తాళలేక వక్కాకు నేనే తినేసినా, ఇదో మీ రూపాయి' అన్నాడు. మా ఊరోళ్లు ఊసినారు. తుడుసుకోలేదు. ఇప్పటికీ మా తట్టు ఎవడన్నా మాట తప్పితే ఉరుమాయన మాదిరి వక్కాకు మింగినాడంటారు. నాకెందుకో నమ్మబుద్ధి కాలేదు. అట్లాంటి మనిషి కాదు గదా?"

అందరూ నా వైపు చూశారు. నాకు తెలుసని కాదు, నేను దగ్గరివాణ్ని కాబట్టి చూశారు. నోరు తెరిచి నాలుగు మాటలు చెబితే చాలు. ఎదురుగా నా భార్యా పిల్లలు, అత్తగారి ఊరివాళ్లు, బంధువులు ఉన్నారు.

"ఆకలి కదా తాతా," అన్నాను. "ఎవరికైనా ఆకలే."

ముసలాయన తల ఊపి, మజ్జిగ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. వక్క మింగడం పదమూడేళ్లవాడి పని. ఈ మాట మింగింది మాత్రం మీసాలు నెరుస్తున్న మనిషి.

బస్సులో ఎవరో గట్టిగా తిట్టడంతో ఈ లోకంలోకి వచ్చాను. కర్ర ఇంకా లేవలేదు. నేను దిగి చిన్న లారీ దగ్గరికి నడిచాను. కుర్రాళ్ల పెద్ద ఎవరని అడిగితే, ఒక పాతికేళ్లవాడు ఫోను చెవి దగ్గర్నుంచి తియ్యకుండానే, "నేనే పెద్దాయనా, ఏం కావల్ల?" అన్నాడు.

"యాడికి పోతాండారప్పా?"

"పెండ్లికి. ఆరు గంటలకు స్టార్టింగు. దోవలో రెండు గేట్లు అనుకుంటే మూడు ఉండాయి, దుడ్లన్నీ అయిపాయ. టయానికి పోకుంటే అడ్వాన్సు ఎనక్కియ్యల్ల."

జేబులో ఉన్న నోట్లు తీసి అతని చేతిలో పెట్టాను. అతను ఎగాదిగా చూశాడు. ఊరికే ఇచ్చేవాళ్లను నమ్మకూడదని అతనికీ ఎవరో నేర్పి ఉంటారు.

"ఒగ పాట కొట్టల్లనా పెద్దాయనా?" అన్నాడు. పిల్లలు అప్పటికే పుల్లలు అందుకున్నారు.

"వద్దు," అన్నాను. నేననుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. "ఈడ ఒగ దెబ్బ కూడా ఎయ్యొద్దండి. పాండి. ఒప్పుకున్న కాడికి పాండి ముందు."

అతను డబ్బు కట్టడానికి పరుగెత్తాడు. తొట్టిలో పదమూడేళ్లవాడు నా వైపే చూస్తున్నాడు. వాడి ఒళ్లో డ్రమ్ము అలాగే ఉంది. ఎందుకో వాడికి చెప్పాలనిపించింది. చెప్పాల్సినవాళ్లందరూ పోయాక మిగిలినవాడు వాడే.

"ఒగసారి వక్కాకు మింగింది నేనే రా," అన్నాను. "మా పెదనాయన కాదు. నేను."

వాడు పెద్దవాళ్లతో మర్యాదగా మాట్లాడటం నేర్చిన పిల్లవాడు.

"మా తాత కూడా తింటాడు, రోజుకు నాలుగు," అన్నాడు.

కర్ర లేచింది. లారీ కదిలింది. వాడు చెయ్యి ఊపాడు, నేనూ ఊపాను. వెనక మా బస్సు డ్రైవరు, "ఎక్కుతావా లేదా పెద్దాయనా?" అని అరుస్తున్నాడు.